కాలానికి తాళం వేసిన ఆట

'ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ది లాస్ట్ క్రౌన్' ఆడినవాళ్లు దాని గురించి చెప్పేటప్పుడు చేతులు ఊరుకోవు. కథ తరవాత చెబుతారు, బొమ్మ ఎలా ఉందో ఇంకా తరవాత చెబుతారు. ముందు మాత్రం "ఇట్ల గోడ పట్టుకొని, ఇట్ల దుంకి, గాల్ల ఉండంగనే ఇట్ల..." అంటూ బొటనవేళ్లతో లేని కంట్రోలర్‌ను నొక్కుతారు. హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట హాస్టళ్లలో ఉండి చదువుకునే కుర్రాళ్ల దగ్గర ఈ ఆట ముచ్చట తీస్తే నాకు ఎప్పుడూ ముందు కనిపించేవి ఈ చేతులే. కచేరీ విన్నవాడు రాగం పేరు చెప్పలేకపోయినా తొడమీద తాళం వేసినట్టు, వీళ్ల వేళ్లలో ఆట ఇంకా నడుస్తూ ఉంటుంది. ఈ ఆటలోని రసమంతా ఆ తాళంలోంచే పుట్టిందని నా నమ్మకం.

ఈ పేటకు ప్రిన్స్ కొత్తవాడు కాదు. 2003లో 'ది సాండ్స్ ఆఫ్ టైమ్', 2004లో 'వారియర్ వితిన్', 2005లో 'ది టూ థ్రోన్స్' వచ్చిన రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో నెట్ సెంటర్లు గంటల లెక్కన నడిచేవి. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం బస్సులు ఎల్బీనగర్ చౌరస్తాలో దింపిన పిల్లలు ఎంసెట్ కోచింగ్‌కో కంప్యూటర్ కోర్సుకో ఇక్కడ గదులు తీసుకుని ఉండేవారు. క్లాసయ్యాక ప్లైవుడ్ అరలో కూర్చుని, 'వారియర్ వితిన్'లో దహాకా అనే నల్లటి కాలరూపుడు తరుముతుంటే ఊపిరి బిగబట్టి పరిగెత్తిన తరం అది. ఇప్పుడు వాళ్లకు నలభై దగ్గరపడుతున్నాయి. కొందరికి వనస్థలిపురంలోనో హయత్‌నగర్‌లోనో సొంత ఇల్లు, ఆ ఇంట్లో టీవీ కింద పీఎస్5. 2010లో వచ్చిన 'ది ఫర్గాటెన్ సాండ్స్' తరవాత ఈ వరసలో పెద్ద ఆట లేకుండా పోయింది. 2024 జనవరి 18న 'ది లాస్ట్ క్రౌన్' వచ్చినప్పుడు ఆ తరంలో చాలామంది అన్న మొదటి మాట: "ఇదేందన్నా, మళ్ల పక్కకెంచి చూపిస్తున్నరు?"

దానికి జవాబు 1989లో ఉంది. అమెరికాలో జోర్డాన్ మెక్నర్ అనే యువకుడు ఆపిల్ 2 కంప్యూటర్ కోసం దాదాపు ఒంటిచేత్తో చేసిన మొదటి 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' పక్కనుంచి కనిపించేదే. తమ్ముడు డేవిడ్‌కు తెల్లబట్టలు వేసి, పరిగెత్తించి, దూకించి, వీడియో తీసి, ఒక్కో చిత్రం మీదా గీసుకుంటూ రాకుమారుడికి నడక నేర్పాడు. కత్తియుద్ధం 1938 నాటి రాబిన్‌హుడ్ సినిమాలో ఎరల్ ఫ్లిన్, బాసిల్ రాత్‌బోన్ తలపడే ఘట్టాన్ని చూసి గీసినది. ఆ రోజుల్లో కంప్యూటర్ తెరమీద బొమ్మలు జరిగేవి అంతే. ఈ బొమ్మకు ఒంటి బరువు తెలుసు. పరుగు ఆపబోతే పాదాలు కొంచెం జారేవి, ఎత్తునుంచి పడితే మోకాళ్లు వంగేవి. రాకుమారిని విడిపించడానికి ఒక గంటే గడువు, ఆ గంట ఎవరికోసమూ ఆగేది కాదు. అంటే కాలం ఈ వరసకు కథ కావడానికి పద్నాలుగేళ్ల ముందే ఆట నియమం అయింది. పక్కచూపుకు తిరిగి రావడం వెనకడుగు అనుకున్నవాళ్లు రెండు గదులు ఆడాక ఆ మాట మళ్లీ ఎత్తలేదు. పక్కనుంచి చూస్తేనే ఒళ్లు మొత్తం కనిపిస్తుంది. ఎక్కడ ఎగిరాడు, ఎంత ఎత్తులో మలుపు తిరిగాడు, కాలు అంచుకు ఎంత దగ్గరగా ఆనింది, ఇదంతా ఒక్క చూపులో అందుతుంది.

ఆటను చేసింది ఫ్రాన్సులోని ఉబిసాఫ్ట్ మోంపెలియే స్టూడియో. దర్శకుడు మునీర్ రాది. ఇందులో కథానాయకుడు రాకుమారుడు కాడు. పేరు సార్గన్. పారశీక రాజ్యాన్ని కాచే ఇమ్మోర్టల్స్ అనే ఏడుగురు వీరుల్లో అందరికన్నా చిన్నవాడు. కుషాణులతో జరిగే యుద్ధంతో ఆట మొదలవుతుంది. గెలుపు పండుగ నాడే రాణి థోమిరిస్ కొడుకు ఘస్సాన్‌ను సేనాని అనాహిత ఎత్తుకుపోతుంది. ఆమె సార్గన్‌కు గురువు. వెతుక్కుంటూ వీరులంతా కాఫ్ పర్వతానికి చేరతారు. అది కాలానికీ జ్ఞానానికీ దేవత అయిన సీమూర్గ్ పక్షి కొలువుండే చోటు. పక్షి మాయమైంది. అప్పటినుంచి అక్కడ కాలం చెదిరిపోయింది. ఒకడికి ఇప్పుడే జరిగింది, పక్కనున్నవాడికి ఎన్నో ఏళ్ల కిందటి ముచ్చట.

రాకుమారుడు రక్షించేవాడు కాకుండా రక్షించబడాల్సినవాడు కావడం పాతవాళ్లలో కొందరికి మింగుడుపడలేదు. నాకు ఆ మార్పులోనే ఆటకు ప్రాణం వచ్చిందనిపిస్తుంది. రాకుమారుడు ఏ కోటలో అడుగుపెట్టినా అది తనదే అన్న ధీమా ఉంటుంది. సార్గన్‌కు ఆ ధీమా లేదు. తన విద్య తప్ప ఇంకేమీ లేని పిల్లవాడు, తనను నమ్మని పెద్దల మధ్య, ప్రతి గదినీ కష్టపడి సంపాదించుకుంటాడు. పదిమంది ఉండే హాస్టల్ గదిలో ఉంటూ పోటీపరీక్షకు చదివే కుర్రాడికి సార్గన్ ఎందుకు దగ్గరవాడయ్యాడో వేరే చెప్పనక్కర్లేదు.

అద్భుత రసానికి విస్మయం స్థాయీభావం అన్నాడు భరతుడు. విస్మయాన్ని ఒకసారి పుట్టించడం ఏ ఆటకైనా చేతనవుతుంది. పెద్ద తెర, పెద్ద రాక్షసుడు, పెద్ద చప్పుడు ఉంటే చాలు. రెండోసారికి అది పలచబడుతుంది, మూడోసారికి అలవాటవుతుంది. పాతిక గంటల పొడుగునా దాన్ని నిలిపి ఉంచడం వేరే విద్య. 'ది లాస్ట్ క్రౌన్' ఆ పని ఎలా చేసిందో చూస్తే ముచ్చటేస్తుంది. కాఫ్ పర్వతంలో ఒక్కో చోట కాలం ఒక్కో తీరుగా చెడింది. ఒకచోట నగరం శిథిలమై ఉంటే, ఒకచోట అదే వైభవం నిన్నటిదిలా ఉంటుంది. అన్నిటికన్నా నన్ను నిలబెట్టేసింది సముద్రం ఉన్న భాగం. తుఫాను మధ్యలో, ఓడలు పగిలే క్షణంలో, కాలం ఆగిపోయింది. లేచిన కెరటం లేచినట్టే ఉంది. విరిగిన కొయ్యలు ఎగిరినచోటే గాల్లో నిలిచాయి. వాటిమీద అడుగుపెట్టుకుంటూ సార్గన్ ప్రళయంలోంచి నడిచిపోతాడు. చప్పుడు చేయాల్సిన ప్రతి వస్తువూ మౌనంగా ఉంది, కదలాల్సినదేదీ కదలదు, కదిలేది మనం ఒక్కరమే. భయానకానికి కావలసిన సామగ్రి అంతా తెచ్చి దాంతో అద్భుతం వండిన ఘట్టం అది. గేమింగ్ సెంటర్‌లో పక్కసీటువాడు తన ఫుట్‌బాల్ మ్యాచ్ ఆపి ఈ తెరవైపు తిరిగి చూసేది ఇక్కడే.

తెలుగువాళ్లకు ఈ రసం పరాయిది కాదు. పారశీక గద్యంలో పుట్టిన గులేబకావళి గాథ మన నాటకాల్లో, తరవాత 1962లో ఎన్టీ రామారావు సినిమాగా, ఇంటింటి కథ అయింది. పువ్వు కోసం, పక్షి కోసం, మాయలోకం దాటివచ్చే సాహసికుణ్ణి మనం తరతరాలుగా ప్రేమిస్తూనే ఉన్నాం. హైదరాబాద్‌కైతే పర్షియాతో బంధం ఇంకా దగ్గరిది. ఆటలో ఒక పెద్ద భాగం హిర్కేనియా అడవి. పచ్చటి చీకటి, మోకాళ్లెత్తు వేళ్లు, ఆకుల మధ్య జారే వెలుతురు. అది కల్పన కాదు. ఇరాన్‌లో కాస్పియన్ సముద్రం దక్షిణపు ఒడ్డున నిజంగా ఉన్న అడవి. 2019లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ప్రాచీన హిర్కేనియా గడ్డమీదే అస్తరాబాద్ ఉంది, ఇప్పటి పేరు గోర్గాన్. ఆ ఊరినుంచి గోల్కొండకు వచ్చి మహమ్మద్ కులీ కుతుబ్‌షాకు పేష్వా అయినవాడు మీర్ మోమిన్ అస్తరాబాదీ. 1591లో వెలసిన మన నగరానికి రూపురేఖలు గీసింది ఆయనే అని చెప్పుకుంటాం. ఆయన సమాధి ఉన్న దాయిరా దిల్‌సుఖ్‌నగర్‌కు ఏమంత దూరం కాదు. ఎల్బీనగర్ దాటి విజయవాడ రోడ్డు పట్టుకుంటే వచ్చే హయత్‌నగర్, ఆ కులీ కుతుబ్‌షా కూతురు హయత్ బక్షీ బేగం పేరుమీద వెలిసింది. ఆమె కట్టించిన మసీదు ఇంకా నిలిచే ఉంది. తెరమీది ఆ అడవిలో తిరుగుతున్న ఈ ప్రాంతపు కుర్రాడు తన నగరాన్ని గీసిన మనిషి పుట్టిన నేలలో తిరుగుతున్నాడు. ఆ సంగతి తెలిసి ఆడితే ఆకుపచ్చ ఇంకొంచెం చిక్కబడుతుంది.

సార్గన్ సేదదీరే వాక్‌వాక్ చెట్టు కూడా అలాంటిదే. బంగారు కాంతితో వెలిగే ఆ చెట్టు కింద నిలబడితే గాయాలు మానతాయి, ఆట అక్కడిదాకా భద్రమవుతుంది. పశ్చిమాసియా కథల్లోని వాక్‌వాక్‌ను 17వ శతాబ్దంలో మన దక్కన్ చిత్రకారులూ ఇష్టంగా గీశారు. వరస పోరాటాల తరవాత దూరంగా ఆ బంగారు వెలుగు కనపడగానే భుజాలు దిగుతాయి. వీరాద్భుతాల మధ్య శాంతానికి ఇంత చోటు ఉంచడం రసం తెలిసినవాళ్ల పని.

ఇక పోరాటం. సార్గన్ చేతిలో రెండు కత్తులు. శత్రువు మామూలుగా కొడితే సరైన క్షణంలో అడ్డుకోవచ్చు. కొట్టేముందు పసుపు మెరిస్తే, ఆ దెబ్బను సరిగ్గా పట్టుకున్నవాడికి ఒక ప్రతిదాడి దక్కుతుంది, అది చిన్న నాట్యఖండంలా సాగుతుంది. ఎర్రగా మెరిస్తే అడ్డుకోవడం కుదరదు, తప్పుకోవాల్సిందే. నియమాలు ఇంతే. ఇంత చిన్న వ్యాకరణంతో ఎంత కవిత్వం చెప్పారో! మానవ ముఖం, సింహం ఒళ్లు, తేలు తోక ఉన్న జహందార్ అనే మాంటికోర్‌తో జరిగే తొలి పెద్ద పోరు తీసుకోండి. మొదటిసారి అది గందరగోళం. మళ్లీ ఆడితే ఆ మృగం దూకుడులో ఎత్తుగడ ఉందని తెలుస్తుంది, ఇంకోసారికి విరామాలు వినిపిస్తాయి. చివరికి దాని పంజా ఎప్పుడు పడుతుందో కంటికన్నా ముందు వేలికి తెలుస్తుంది. అప్పుడు పోరాటం పోయి జతి మిగులుతుంది. గెలిచిన కుర్రాళ్లు "కొట్టిన" అనే దానికన్నా "పట్టిన, దాని టైమింగ్ పట్టిన" అంటారు. ఆ మాట అక్షరాలా నిజం. వాళ్లు పట్టింది లయ. ఓడినప్పుడు కోపం రాకపోవడానికి కారణమూ అదే. తాళం తప్పింది ఎక్కడో మనకే తెలుస్తుంది, తప్పు ఆటమీద వేయాలనిపించదు.

ఈ లయకు సీమూర్గ్ ఇచ్చే శక్తులు ఒక్కొక్కటిగా జతకలుస్తాయి. అన్నిట్లో గొప్పది సీమూర్గ్ నీడ. మీట నొక్కితే సార్గన్ ఉన్నచోట అతని ఛాయ నిలుస్తుంది. ముందుకు వెళ్లి మళ్లీ నొక్కితే క్షణంలో ఆ ఛాయ ఉన్నచోటికి వచ్చేస్తాడు. ఎక్కడికి పోవాలో ఆలోచించేముందే ఎక్కడికి తిరిగి రావాలో ఆలోచించాలి. ఆట సగం దాటాక ఒకే దూకులో గోడ పట్టు, గాల్లో పరుగు, ఛాయ వదలడం, లోకం మార్చడం అన్నీ కలిసిపోతాయి. ఒక లోకంలో ఉన్న మెట్టు ఇంకో లోకంలో ఉండదు, మెట్టుమీద కాలు పడేలోపు లోకం మారాలి. దూరంనుంచి చూసేవాళ్లకు అది అసాధ్యం. ఆడేవాళ్లకు అది ఊపిరి.

ఆటలోని వాస్తుశిల్పి పొడుపుగది గురించి కొంచెం ఆగి చెప్పాలి. అక్కడ ఒక యంత్రం మనం చేసిన పనుల్ని గుర్తుపెట్టుకుని, మన పూర్వరూపాల చేత మళ్లీ చేయిస్తుంది. ఒక సార్గన్ మీట మీద నిలబడాలి, ఒకడు తలుపు తెరిచి పట్టాలి, వాళ్లిద్దరినీ నమ్మి మూడోవాడు పరిగెత్తాలి. ముగ్గురూ మనమే. కాసేపటి కిందటి మనిషి తొందరపడితే ఇప్పటి మనిషి పడిపోతాడు. నిన్నటి తనకు నేటి తాను రుణపడి ఉండటం అనే భావాన్ని ఇంత స్పష్టంగా, ఒక్క మాటా లేకుండా, చేతికి తెలిసేలా చెప్పిన ఘట్టం నేను ఇంకే కళలోనూ ఎరగను.

ఇది ఊరికే పుట్టిన ఊహ కాదు, ఈ వరస రక్తంలోనే ఉంది. మొదటి ఆటలో మెక్నర్‌కు కంప్యూటర్ జ్ఞాపకశక్తి చాలలేదు, కొత్త శత్రువును గీయడానికి చోటు లేదు. అందుకని రాకుమారుడి ఆకారాన్నే కొంచెం జరిపి, వెలుగునీడలు తారుమారు చేసి, నీడమనిషిని చేశాడు. అద్దంలోంచి దూకగానే ఆ నీడ విడిపోతుంది, అడుగడుగునా అడ్డుపడుతుంది. చివర్లో కత్తులు దూసి ఎదురెదురుగా నిలబడతారు. నీడను కొడితే ఆ దెబ్బ మనకే తగులుతుంది. కత్తి ఒరలో పెట్టినవాడిలో నీడ వచ్చి కలుస్తుంది. చోటు చాలని ఇబ్బందిలోంచి అంత పెద్ద భావం పుట్టింది. 'ది లాస్ట్ క్రౌన్'లో సార్గన్‌కు వేరే కాలపు సార్గన్‌లు ఎదురవుతారు. ఎందుకు, ఎలా అన్నది చెప్పి ఇంకా ఆడనివాళ్ల రసాస్వాదన చెడగొట్టను. ఆ పాత నీడ ముప్పై అయిదేళ్లు నడిచి ఇక్కడికి చేరిందని మాత్రం చెబుతాను.

ఆక్షేపణలు లేకపోలేదు. దిల్‌సుఖ్‌నగర్ ఆటగాళ్లలో ఎక్కువగా వినపడేది "పోయిన తొవ్వల్నే మళ్ల పోవాలె" అన్నది. ఈ జాతి ఆటల ధర్మమే అది. దాటలేక వదిలేసిన తలుపు దగ్గరికి కొత్త శక్తి దొరికాక తిరిగి రావాలి. ఇదే జాతికి చెందిన 'హాలో నైట్' ఆడి వచ్చిన కుర్రాళ్లకు అదొక లెక్క కాదు, మిగతావాళ్లకు బరువే. ఆ బరువు తగ్గించడానికి ఆట ఒక చిన్న సౌకర్యం ఇచ్చింది: తెరవలేని తలుపు ముందు ఒక మీట నొక్కితే ఆ దృశ్యం ఫొటోగా మ్యాప్ మీద అతుక్కుంటుంది. ఎన్నో ఏళ్లుగా ఆటగాళ్లు నోటుబుక్కుల్లో చేసుకున్న పనిని ఆట తనే చేసిపెట్టింది. ఇక నా ఆక్షేపణ వేరు. ఇమ్మోర్టల్స్‌లో రాజెన్, నైత్ లాంటివాళ్లు పరిచయం అవుతూనే కథలో వెనక్కి వెళ్లిపోతారు. వాళ్లతో నాలుగు మాటలు ఎక్కువ ఉంటే తరవాత వచ్చే చీలిక గుండెకు ఇంకా బలంగా తగిలేది. దగ్గరనుంచి చూపించే సంభాషణల్లో ముఖాలకు, దూరంనుంచి చూపించే ప్రకృతికి ఉన్నంత పనితనం లేదు. ఇవి లోపాలే. లయను మాత్రం ఎక్కడా చెడగొట్టలేదు.

సంగీతం చేసినవాళ్లు ఇద్దరు. 'ఓరీ' ఆటలకు పనిచేసిన గారెత్ కోకర్, ఇరాన్‌లో పుట్టిన మెంట్రిక్స్. మెంట్రిక్స్ తాళవాద్యాలు లేచినచోట కంట్రోలర్ పట్టిన చేయి తనంతట తనే వేగం అందుకుంటుంది. ఈ వరసలో మొదటిసారిగా పాత్రలు ఫారసీలో మాట్లాడే వీలు కూడా ఇచ్చారు. పర్షియా పేరు పెట్టుకుని ఎన్నేళ్లుగానో ఇంగ్లీషులో మాట్లాడిన రాకుమారులకు ఇప్పటికి సొంత గొంతు దొరికింది. 1880ల దాకా ఫారసీలో పరిపాలన నడిచిన నగరంలో పెరిగిన చెవికి ఆ పలుకు పూర్తిగా కొత్తగా ఉండదు. అర్థం కాకపోయినా హెచ్చుతగ్గులు తెలుస్తాయి, కింద అక్షరాలు ఉండనే ఉన్నాయి.

2024 చివర్లో ది గేమ్ అవార్డ్స్ సభలో అందరికీ ఆడే వీలు కల్పించినందుకు ఇచ్చే పురస్కారం ఈ ఆటకు దక్కింది. దక్కాల్సిందే. దూకుళ్లు సాధ్యం కానివాళ్లు ఆ ఘట్టాన్ని దాటవేసే ద్వారం కూడా ఇందులో ఉంది. 2025 ఏప్రిల్‌లో ఫోన్లలోకి వచ్చింది. ఇప్పుడు ఎల్బీనగర్ స్టేషన్లో మియాపూర్ రైలెక్కి సీటు దొరికినవాడు అమీర్‌పేట వచ్చేలోపు ఒక గోపురం ఎక్కి దిగవచ్చు. గాజుమీద వేలికి మీట తగలదు కాబట్టి లయ కొంత పలచబడుతుంది, నిజమే. పీఎస్5 కొనలేని కుర్రాడికి కాఫ్ పర్వతం అందిందంటే ఆ మాత్రం తరుగు నాకు సమ్మతమే.

ఇంత చేసినా అమ్మకాలు ఆశించినంత లేవని, ఆటను చేసిన బృందంలో ఎక్కువమందిని వేరే పనులకు మార్చారు. ఆ సంగతి 2024 అక్టోబరులో బయటికి వచ్చింది. దీనికి కొనసాగింపు వస్తుందన్న మాట ఇప్పటికి లేదు. 'ది సాండ్స్ ఆఫ్ టైమ్' తరవాత ఈ వరసలో ఇంతటి రచన రాలేదని నా తీర్పు. నెట్ సెంటర్ రోజుల ప్రిన్స్ మీద ప్రేమతో దీన్ని పక్కన పెట్టినవాళ్లెవరైనా ఉంటే వాళ్లకు ఒక మనవి. ఫారసీ గొంతు పెట్టుకోండి, దారి చూపించే గుర్తులు తీసేయండి, జహందార్ చేతిలో ఓడినచోట మానేయకుండా ఇంకొక్కసారి ఆడండి.